రొమ్ము గడ్డకు సూది పరీక్ష అయిన తరువాత

రొమ్ములోని గడ్డ నుండి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడాన్ని బయాప్సీ అంటారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు.

మొదటి రోజు కట్టు తడవనీయకండి. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి, 10 నిమిషాల చొప్పున అప్పుడప్పుడు కట్టు మీద పెట్టండి. రాత్రిపూట కూడా బిగువైన బాడీ వేసుకోండి. రెండు రోజులు నీళ్ళ బిందెలు, బరువులు ఎత్తవద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు. గుండెకు ఆస్పిరిన్ వాడేవారు మాత్రం డాక్టరుగారిని అడగకుండా మానవద్దు. పసుపు, ఆకుపసర్లు పూయకండి.

చర్మం కమిలి నీలంగా కనబడితే భయపడకండి, కొద్ది రోజులలో అదే తగ్గుతుంది. అయితే 10 నిమిషాలు అదిమిపట్టినా రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, చీము పట్టినా, వాపు పెరుగుతున్నా వెంటనే రండి.

సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న మాట విని కొందరు రిపోర్టుకే రావడం లేదు. ఆ మాట నమ్మకండి. గడ్డలన్నీ క్యాన్సరు కావు. ఒకవేళ అయినా, త్వరగా తెలిస్తే నయమయ్యే అవకాశం ఎక్కువ. గాయం మానిందని ఊరుకోక, చెప్పిన తేదీకి ఇంట్లో ఒకరిని తోడు తీసుకొని రండి. ఆ రోజు మేమూ మీ పక్కనే ఉంటాము.