కొవ్వు కణ వికాసంలో సంకేత ఎంజైముల పాత్ర

ఫలానా చిరుధాన్యపు సారం కలిపినప్పుడు ప్రయోగశాలలోని కణాలలో కొవ్వు బిందువులు తగ్గాయని, కనుక ఆ పంట స్థూలకాయాన్ని నివారిస్తుందని విద్యార్థులు సెమినార్లలో చెప్పడం తరచుగా వింటున్నాను. అదే మాటను రైతు సదస్సులకు చేరవేసే ముందు, కొవ్వు కణం ఎట్లా రూపొందుతుందో తెలుసుకోవడం అవసరం.

ఇటువంటి ప్రయోగాలలో విరివిగా వాడేవి 3టీ3-ఎల్1 అనే చిట్టెలుక కణాలు. 1970వ దశకంలో హోవర్డ్ గ్రీన్ బృందం వీటిని వేరుచేసింది. ఇన్సులిన్, డెక్సామెథాసోన్, ఫాస్ఫోడైఎస్టరేజ్ నిరోధకం కలిపి అందిస్తే ఈ పూర్వకణాలు కొద్ది రోజులలోనే కొవ్వు నింపుకుంటాయి. మానవ కణాలలోనూ ప్రధాన సంకేత మార్గం ఇటువంటిదే. ఇన్సులిన్ తన గ్రాహకాన్ని చేరగానే పీఐ3 కైనేజ్, దాని వెంట ఏకేటీ అనే ఎంజైములు ఉత్తేజితమవుతాయి. అంతిమంగా కేంద్రకంలోని పీపార్-గామా అనే ప్రోటీను కొవ్వు కణానికి కావలసిన జన్యువులను క్రియాశీలం చేస్తుంది.

దీనికి కళ్లెం వేసేదీ ఒక కైనేజే. పీపార్-గామాలో 114వ స్థానంలోని సెరీన్‌కు ఎమ్ఏపీ కైనేజ్ ఫాస్ఫేట్‌ను చేర్చినప్పుడు ఆ ప్రోటీను పని మందగిస్తుంది. 1998లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో 121 మంది స్థూలకాయులను పరీక్షించగా, నలుగురిలో ఆ పక్కనే, 115వ స్థానంలో, ప్రోలీన్‌కు బదులు గ్లూటమిన్ కనిపించింది. సాధారణ బరువు గల 237 మందిలో ఒక్కరిలోనూ ఈ మార్పు లేదు. మార్పు చెందిన జన్యువును చిట్టెలుక కణాలలో ప్రవేశపెట్టగా ఫాస్ఫేట్ చేరిక దెబ్బతిని, అవి మరింత వేగంగా కొవ్వు కణాలుగా మారాయి. నలుగురే కనుక దీనిని స్థూలకాయానికి సామాన్య కారణంగా భావించరాదు. అయినా ఒక ఎంజైము పనిచేసే చోటును మనిషిలో ఇంత స్పష్టంగా చూపిన ఉదాహరణలు అరుదు.

అట్లయితే కొవ్వు కణాలు ఏర్పడకుండా ఆపడమే మేలా? కాదు. కొవ్వు కణజాలం లోపించిన లిపోడిస్ట్రఫీ రోగులలో కొవ్వు కాలేయంలోను, కండరాలలోను పేరుకొని మధుమేహానికి దారితీస్తుంది. 2004లో ఏకేటీ2 జన్యులోపం గల ఒక కుటుంబంలో తీవ్రమైన ఇన్సులిన్ నిరోధకత, మధుమేహం గుర్తించారు.

పైగా ఎమ్ఏపీ కైనేజ్ తొలి దశలో పూర్వకణాల విభజనకు తోడ్పడి, తరువాతి దశలో అడ్డుపడుతుంది. అందువలన సారాన్ని ఏ రోజున కలిపారు, బిందువులు తగ్గినప్పుడు కణాలు సజీవంగానే ఉన్నాయా, ఆ గాఢత భోజనం ద్వారా మనిషి రక్తంలో సాధ్యమా అని సిద్ధాంత వ్యాసాల పరీక్షలో నేను మొదట అడుగుతుంటాను.