శ్రమకాలం 40 రోజులు, అలవాటుకు 66

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు వరకు లెక్కపెడితే 46 రోజులు వస్తాయి. అందులో 6 ఆదివారాలు. ఆదివారం క్రీస్తు లేచిన రోజు కనుక ఆ పూట ఉపవాసం పెట్టరు. అవి తీసేస్తే మిగిలేదే శ్రమకాలపు 40 రోజులు. మచ్చ బొల్లారం, అల్వాల్ ప్రాంతానికి ఈ లెక్క కొత్తేమీ కాదు. కంటోన్మెంటు కాలం నుంచే ఇక్కడ చర్చిలున్నాయి. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847లో కట్టింది. కథోలికుల తపస్కాలమైనా, సీఎస్ఐ వాళ్ల శ్రమకాలమైనా ఇళ్లలో పద్ధతి ఇంచుమించు ఒకటే. పెళ్లిళ్లు పెట్టుకోరు, చాలామంది నీచు ముట్టరు, శుక్రవారాలు ప్రార్థనకు వెళ్తారు. మందు, సిగరెట్ మానేసేవాళ్లూ ఉంటారు.

మరి ఈ నియమం ఒంటికి అలవాటుగా నిలుస్తుందా? దీనికి ఒక అధ్యయనం ఉంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి, 2010లో ఫలితాలు అచ్చువేసింది. మధ్యాహ్న భోజనంతో పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పరుగెత్తడం లాంటి పనులను ఎవరికి వారు ఎంచుకున్నారు. ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 చాలు. కొందరికి 254 దాకా పడుతుందని అంచనా. 21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట అందరి నోటా వింటాం. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. ముఖం మారినవాళ్లు ఆ మార్పుకు అలవాటుపడే కాలం గురించి ఆయన చెప్పిన మాట అది.

అంటే శ్రమకాలం ఎంత నిష్ఠగా గడిపినా చాలామందికి అలవాటు సగంలోనో, ముప్పావులోనో ఉండగానే పండగ వచ్చేస్తుంది. ఈస్టర్ మధ్యాహ్నం బిర్యానీ తినడం తప్పు కాదు. ఆ మర్నాటి నుంచి నడక, చక్కెర తగ్గించడం కూడా ఎగిరిపోతేనే చిక్కు. దారి క్యాలెండర్‌లోనే ఉంది. ఈస్టర్ నుంచి పెంతెకోస్తు వరకు ఎటూ 50 రోజుల పండగ కాలం. అందులో మొదటి 20 రోజులు కలుపుకుంటే 46కు 20 చేరి సరిగ్గా 66. ఉదాహరణకు 2027లో భస్మ బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. 66వ రోజు ఏప్రిల్ 16.

ఆదివారం సెలవు తీసుకుంటే అలవాటు చెడుతుందా? ఎప్పుడో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని లాలీ బృందం గమనించింది. ఇంకో సంగతి, వాళ్లు చూసింది కొత్తగా మొదలుపెట్టిన పనులను, మానేసిన వాటిని కాదు. నా మటుకు శ్రమకాలంలో ఒకటి మానడం కన్నా ఒకటి మొదలుపెట్టడం మేలనిపిస్తుంది. దాన్ని రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టాలి: తెల్లవారి ప్రార్థన అవగానే అరగంట నడక, అంతే. ఆదివారం పోనూ వారానికి 6 రోజులు నడిస్తే 180 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే కనీసం 150. మార్చి దాటితే ఎండ ముదురుతుంది కాబట్టి తెల్లవారుజామే నయం. అన్నట్టు, ఆ అధ్యయనంలో వ్యాయామం అలవాటు కావడానికి తిండి అలవాట్ల కన్నా ఒకటిన్నర రెట్ల కాలం పట్టింది. ముందే తెలిస్తే నిరాశ ఉండదు.

మానాలనే అనుకుంటే చక్కెరతో మొదలుపెట్టొచ్చు. రోజుకు 3 కప్పుల టీ, కప్పుకు 2 చెంచాలు, చెంచాకు 4 గ్రాములు అనుకుంటే రోజుకు 24 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెట్టిన హద్దు 25. అంటే మిఠాయి, బిస్కెట్ ముట్టకముందే కోటా దాదాపు అయిపోయింది. ఆ టీలో చక్కెర మానేస్తే 40 రోజుల్లో మిగిలేది 960 గ్రాములు. కిలో ప్యాకెట్టు కొనే పని తప్పినట్టే.

మాంసం మానేసేవాళ్లు మాత్రం కంచంలోకి ఏమొస్తోందో చూసుకోవాలి. కోడికూర స్థానంలో ఆవకాయ, అప్పడం, మిర్చి బజ్జీ చేరితే ఒంటికి ఒరిగేదేమీ లేదు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటారు, మన దేశంలో సగటున తినేది దాదాపు 8. పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. ఇక మాంసకృత్తులు కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 50. బియ్యం 300 గ్రాములు, కందిపప్పు 60, పెరుగు 300, గుప్పెడు పల్లీలు కలిస్తే ఆ 50 వస్తుంది. పచ్చడి మెతుకులతో రాదు.

మందు సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగుతామన్నవాళ్లు 43 శాతం. అప్పుడప్పుడు తాగేవాళ్లు ఈ 40 రోజులు నిశ్చింతగా మానేయొచ్చు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం భస్మ బుధవారం పూట ఒక్కసారిగా ఆపకూడదు. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, రెండు మూడు రోజులకు మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరును కలిసి మందుల సాయంతో మానేయాలి. ఇన్సులిన్ వాడే షుగర్ రోగులు కూడా ఉపవాసానికి ముందే మోతాదు గురించి అడగాలి. ఉపవాసంలో షుగర్ 70కి తగ్గితే ప్రార్థన అయ్యేదాకా ఆగకుండా వెంటనే 3 చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి. కథోలిక నియమం కూడా ఉపవాసాన్ని 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే, ఏడాదికి 2 రోజులకే తప్పనిసరి చేసింది: భస్మ బుధవారం, శుభ శుక్రవారం. జబ్బుతో ఉన్నవాళ్లకు అదీ లేదు.