మీకు తెలుసా? ఒప్పందము వేఱు, స్వామ్యము వేఱు

ఇల్లు కొనఁదలఁచి బయానా యిచ్చి, స్టాంపు కాగితముపై అగ్రిమెంటు వ్రాయించుకొని, తాళపుచెవులు చేతఁ బుచ్చుకొన్నంత మాత్రమున ఆ యిల్లు మనదైనదని తలంచుట పొరపాటు. ఏలయన 1882 నాఁటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ననుసరించి, 100 రూపాయలు గాని అంతకు మించి గాని వెలగల ఇల్లు, పొలము వంటి స్థిరాస్తి, అమ్మకమునందు, రిజిస్టరైన విక్రయ దస్తావేజు వలననే సంక్రమించును గాని వట్టి క్రయ ఒప్పందము వలన సంక్రమింపదు. జనరల్ పవరాఫ్ అటార్నీతో సాగించు అమ్మకములును స్వామ్యము నీయజాలవని 2011లో సుప్రీంకోర్టు స్పష్టపఱచినది.

ఇఁక అమ్మకమును విడిచి దానమునకు వచ్చినచో, అందలి సూక్ష్మము నాకు మిక్కిలి హృద్యముగాఁ దోఁచును: తండ్రి తన పొలమును కూఁతునకు దానముగా వ్రాసి, ఇద్దఱు సాక్షులచే సంతకములు చేయించి, రిజిస్టరు చేయించినను, ఆయన జీవించియుండఁగానే ఆమె దానిని స్వీకరింపనిచో ఆ దానము చెల్లదు.