కాళ్ళకు తోడు చక్రాలు

యాత్ర అనగానే మనకు మొదట స్ఫురించేది నడక. కాశీకి కాలినడకన పోయివచ్చిన పెద్దల ముచ్చట్లు వినని ఇల్లు తెలుగునాట అరుదు. అయితే ఆ నడక అందరికీ సాధ్యం కాదన్న సంగతి కూడా మన పూర్వులు ఎరుగుదురు. 1944లో తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు ఏర్పడేవరకు, మెట్లు ఎక్కలేని వృద్ధులు, రోగులు డోలీలలో కొండకు చేరేవారు. శబరిమలలో పంబనుండి సన్నిధానానికి నేటికీ నలుగురు మనుషులు మోసే డోలీలు ఉన్నాయి. కూలి ఇచ్చి డోలీ ఎక్కినంత మాత్రాన యాత్రాఫలం తరిగిపోయిందని ఎవరూ అనలేదు.

దైవదర్శనం విషయంలో ఇంత సహజంగా అంగీకరించిన సదుపాయాన్ని, వినోదయాత్ర దగ్గరకు వచ్చేసరికి మనం ఎందుకు నామోషీగా భావిస్తున్నాము? ఈ ప్రశ్న ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి ఆలోచించదగినది.

ప్రదర్శనశాలలలో చక్రాల కుర్చీలను అద్దెకిచ్చే ఆచారం నిన్న మొన్నటిది కాదు. 1876లో ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన మహాప్రదర్శనలోనే అవి ఉన్నాయి. 1893లో చికాగో ప్రదర్శనలో కళాశాల విద్యార్థులే కూలి పుచ్చుకొని సందర్శకులను కుర్చీలలో త్రిప్పి చూపేవారు. వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే. ఆ కుర్చీలలో కూర్చున్నవారందరూ నడవలేనివారు కారు. ప్రదర్శన విశాలం, కాళ్ళ సత్తువ పరిమితం, అంతే. అటు తరువాత, 1918లో గనిప్రమాదంలో నడుము విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజనీరు, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1930 ప్రాంతాల ఉక్కుగొట్టాలతో మడిచే కుర్చీని నిర్మించాడు. కారులో పట్టే కుర్చీ రావడంతో మనిషి ఇల్లు దాటి లోకాన్ని చూడడం సులభమైంది.

నేడు మా రెడ్డిగూడెం వంటి మామిడితోటల సీమనుండి కూడా బిడ్డలను చూడడానికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఉన్నారు. వారిని పిల్లలు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌కు తీసుకొనిపోతారు. 1971లో తెరచిన ఆ ప్రదేశంలో నాలుగు పెద్ద వినోదవనాలు ఉన్నాయి. ఒక్కదానిని చూడాలన్నా తెల్లవారినది మొదలు చీకటిపడేదాకా మైళ్ళకొద్దీ నడవవలసిందే. ద్వారం దగ్గరే చక్రాల కుర్చీలు, బ్యాటరీతో నడిచే బండ్లు అద్దెకు దొరుకుతాయి. ముందు వచ్చినవారికే ముందు ఇస్తారు కనుక పెందలాడే చేరుకోవాలి. బ్యాటరీ బండిని నడపడానికి 18 ఏళ్ళు నిండాలి.

ఇంత ఏర్పాటు ఉన్నా మన పెద్దలలో చాలామంది అక్కడ తటపటాయిస్తారు. "నాకేం కాళ్ళు పడిపోయాయా?" అన్న మాట వారి నోట వస్తుంది. ఆ మాటలో అభిమానం ఉన్నది. దానిని తేలికగా చూడరాదు. కాని చత్వారానికి కళ్ళద్దాలు పెట్టుకొనేటప్పుడు లేని సిగ్గు, మోకాళ్ళ నొప్పికి కుర్చీ ఎక్కేటప్పుడు ఎందుకు? బొత్తిగా నడవలేనివారికి సాధారణంగా సొంత కుర్చీ ఉంటుంది. అద్దె కుర్చీ ప్రధానంగా ఉపయోగపడేది కొంత నడవగలిగి, రోజంతా నడవలేనివారికి. అది లేకపోతే ఆ అమ్మ ఏ చెట్టునీడనో బల్లమీద సంచులకు కాపలా కూర్చుంటుంది. మనుమలు చూచివచ్చి చెప్పిన కబుర్లతో తృప్తిపడుతుంది.

ఆ దూరదేశపు బల్లకు మన ఊళ్ళో కూడా ఒక జత ఉన్నది. అది పాఠశాల వరండాలోని బల్ల. విహారయాత్ర రోజున పోలియో కాలుతోనో, కండరాల జబ్బుతోనో బాధపడే విద్యార్థి ఇంటిదగ్గరనే ఉండిపోతాడు. "నీవు తిరగలేవు నాయనా" అని ఉపాధ్యాయుడు ప్రేమతోనే అంటాడు. ప్రేమతో అన్నా ఆ మాట తలుపు మూయడమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, చదువుతోపాటు క్రీడా వినోదావకాశాలను కూడా ఇతరులతో సమానంగా కల్పించవలసిన బాధ్యతను విద్యాసంస్థలపై ఉంచింది. కనుక ఆ బాలుని ప్రయాణం మన దయాధర్మం కాదు, అతని హక్కు.

మన ప్రాంతపు పిల్లలు ఆశపడే రామోజీ ఫిల్మ్ సిటీనే తీసుకొందాము. విజయవాడ–హైదరాబాదు రహదారి పక్కన 1996లో ఏర్పడిన ఈ చిత్రనగరి విస్తీర్ణం 1,666 ఎకరాలు. లోపల బస్సులు త్రిప్పినా, దిగి నడవవలసిన తావులు అనేకం. ఇటువంటి చోటికి బయలుదేరేముందు టిక్కెట్ల ధరతోపాటు మరికొన్ని ప్రశ్నలు అడగాలి. చక్రాల కుర్చీ దొరుకుతుందా? అద్దె ఎంత, ధరావతు ఎంత? ఎక్కడెక్కడ మెట్లున్నాయి, ఎక్కడ వాలుదారి ఉన్నది? మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందా? అక్కడ కుర్చీ లేకపోతే ఊరినుండే ఒకటి అద్దెకు తెచ్చి, మడిచి బస్సులో వేసుకొనిపోవచ్చును.

కుర్చీ చేతికి వచ్చిన తరువాత కూడా తెలుసుకోవలసిన మర్యాదలు ఉన్నాయి. కూర్చొనేటప్పుడు, దిగేటప్పుడు బ్రేకులు వేసి ఉండాలి. పాదపీఠాలు ప్రక్కకు తొలగించాలి. నిటారు వాలులో దిగేటప్పుడు కుర్చీని వెనుకకు త్రిప్పి, మెల్లగా దింపాలి. అన్నిటికంటె ముఖ్యం, కూర్చున్నవారిని అడగకుండా నెట్టరాదు. ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించవలసినవారు వారే. వాలుదారి సంగతి విద్యార్థులకు చక్కని లెక్క కూడా అవుతుంది: ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు ఉండాలి. తమ బడి మెట్లను కొలిచి, ఎంత వాలు కావాలో పిల్లలనే కట్టి చూడమనండి.

అవిటివాడు అన్న మాట పోయి వికలాంగుడు వచ్చింది. అదీ పోయి దివ్యాంగుడు వచ్చింది. మాట మర్యాదగా ఉండవలసిందే. కాని పేరు మారినంత మాత్రాన మెట్టు వంగి దారి ఇవ్వదు.

మన పురాణాలలో సూర్యుని సారథి అనూరుడు; తొడలు లేనివాడు. ప్రతి ఉదయాన్నీ లోకానికి తెచ్చే పని అతనికి అప్పగించినవారు, నడవగలవా అని అడగలేదు. కూర్చొనడానికి రథం ఇచ్చారు. ఈసారి విహారయాత్రకు పేర్లు వ్రాసుకొనే ఉపాధ్యాయుడు, పట్టికలో మొట్టమొదట ఆ వరండా బల్లమీది విద్యార్థి పేరు వ్రాసి, తక్కిన ఏర్పాట్లు ఆ పేరునుబట్టి చేయుగాక!