పట్టుచీరకు తగులుకునే గోరు

యాక్రిలిక్ గోరు లేచిందన్న సంగతి మా అనంతపురంలో ముందుగా ధర్మవరం చీరే చెబుతుంది. కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే జరీ పోగు గోరు మొదట్లో తగులుకుంటుంది. తలంటుకుంటే వెంట్రుక ఇరుక్కుంటుంది. "అక్కా, గమ్ము సరిగా పట్టలేదేమో" అంటూ వస్తారు, గోళ్ళు పెట్టే నా దగ్గరికి.

గమ్ము మీద నెపం పెడతారుగానీ, యాక్రిలిక్‌ను గోటికి పట్టి ఉంచేది గమ్ము కాదు. మోనోమర్ అనే ద్రవంలో బ్రష్ ముంచి, పౌడర్‌కు అద్ది, ఆ ముద్దను గోటి మీద పరుస్తాం. రెండూ కలిసి అక్కడే గట్టిపడతాయి. 1954లో ఫిలడెల్ఫియాలో ఫ్రెడరిక్ స్లాక్ అనే దంతవైద్యుడు తన విరిగిన గోటికి పళ్ళ యాక్రిలిక్ వేసుకోవడంతో ఈ పద్ధతి మొదలైంది. పంటికైనా గోటికైనా అడుగు శుభ్రంగా లేకపోతే పైన వేసింది నిలవదు. అందుకే పౌడర్ డబ్బా తెరవకముందు చేసే పనే నాకు అసలు పని.

గోరు మొదట్లో, చర్మం నుంచి పాకి వచ్చి గోటికి అంటుకున్న పలుచని మృతచర్మం ఉంటుంది. కంటికి సరిగా ఆనదు. దాన్ని గీకి తీయకుండా యాక్రిలిక్ వేస్తే, పట్టు దొరికేది ఆ పొరకే తప్ప గోటికి కాదు. నాలుగు రోజులకు పొర ఊడుతుంది, దానితో పాటు యాక్రిలిక్ లేస్తుంది. గోటి పక్కల మూలలు మరీ మోసం చేస్తాయి. ఆ తరువాత నునుపు పోయేంత వరకే తేలిగ్గా బఫర్ పట్టాలి. గట్టిగా రాస్తే గోరు పలుచబడి వంగుతుంది, వంగే గోటి మీద గట్టి యాక్రిలిక్ నిలవదు. దుమ్ము దులిపి, డీహైడ్రేటర్‌తో జిడ్డూ తేమా తీసి, పట్టునిచ్చే ప్రైమర్ పలుచగా అద్దుతాను. ఇక ఆ గోటిని ఎవరూ ముట్టుకోకూడదు. ఫోన్ మోగగానే తీసి, చెంప తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపుతారు. మళ్ళీ మొదటి నుంచి చేస్తాను. విసుక్కున్నా సరే.

యాక్రిలిక్ చర్మాన్ని తాకకూడదు. వెంట్రుక మందం సందు వదలాలి. తాకితే అంచు అక్కడే లేస్తుంది, గట్టిపడని మోనోమర్ చర్మానికి తగిలి కొందరికి అలర్జీ కూడా వస్తుంది.

మా ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి ముద్ద గోటి మీద పూర్తిగా పరుచుకోకముందే బిగుసుకుపోతుంది, పట్టు చిక్కదు. అందుకని వేసవిలో పొద్దున్నే రమ్మంటాను. కూలర్ తడిగాలి బల్ల మీదికి రానివ్వను.

"ఈ ఎండకు చేతులు ఎండిపోయే ఉంటాయి, ఇంగ తేమ యాడిదక్కా?" అని అడిగిందొక పాప. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది, ఆ ప్రశ్న సహజమే. అయితే గోరు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. యాక్రిలిక్ అంతగా ఉబ్బదు, ముడుచుకోదు. కొళాయి వచ్చిన పూట బట్టలన్నీ ఉతికి, అంట్లన్నీ తోమి, వెంటనే పొడిగాలికి చేతులు ఆరబెట్టుకుంటే ఆ రెంటి మధ్య పట్టు సడలుతుంది. రబ్బరు గ్లౌజులు వేసుకోండి. రాత్రి గోరు మొదట్లో ఒక చుక్క క్యూటికల్ ఆయిల్ రాసుకోండి, గోరు పెళుసెక్కకుండా ఉంటుంది.

నూనె విషయంలో పెళ్ళికూతుళ్ళకు ముందే చెబుతాను. యాక్రిలిక్ వేయకముందు నూనె శత్రువు, వేశాక నేస్తం. నలుగు పెట్టుకుని, నూనె వదిలించుకోకుండానే నా దగ్గరికి రావద్దు. గోరింటాకు కోన్లలో నీలగిరి తైలం కలుపుతారు, అదీ గోటికి అంటుతుంది. గోరింటాకు ముందు, గోళ్ళు ఆ తరువాత. పసుపు మాత్రం యాక్రిలిక్‌కు అంటుకుంటే పోవడం కష్టం, వెంటనే తుడిచేయాలి.

గోళ్ళను పనిముట్లు చేసుకోవద్దు. విత్తనానికి శెనక్కాయలు ఒలిచే ఇంట్లో పొడవాటి గోళ్ళు నిలవవు, అక్కడ పొట్టివే పెడతాను. పొడవు పెరిగే కొద్దీ చివర తగిలే ప్రతి దెబ్బా మొదట్లో యాక్రిలిక్ అంచును పైకి లేపుతుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా, చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. బరువంతా ముందుకు జరుగుతుంది. అందుకే రెండు, మూడు వారాలకు, మొదట్లో పడ్డ సందు నింపే రీఫిల్ చేయించుకోవాలి. డబ్బు కలిసొస్తుందని నెలన్నర ఆపితే గోరు విరిగేది సొంత గోటితో సహా.

చవకగా పెట్టేచోట ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) మోనోమర్ వాడుతున్నారేమో అడగండి. అది మరీ గట్టిగా బిగుసుకుంటుంది, ఎక్కడైనా తగిలితే తాను విరగకుండా అసలు గోటిని పెరికేస్తుంది. నూటికి నూరు పాళ్ళు ఎంఎంఏ ఉన్న సరుకు మీద అమెరికాలో ఎఫ్‌డీఏ 1974లోనే కోర్టుకు వెళ్ళి ఆపించింది. అడగాల్సింది ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్).

ఇంతా చేసి అంచు లేచిందనుకోండి. ఫెవిక్విక్ వేయకండి. లోపలి తడి అక్కడే బందీ అయి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, గోరు ఆకుపచ్చగా మారుతుంది. పచ్చదనం కనిపిస్తే పైన పాలిష్‌తో కప్పకుండా యాక్రిలిక్ తీయించి చర్మ డాక్టరుకు చూపించండి. లేచినదాన్ని పెరక్కండి, పెరికితే గోటి పొరలు కూడా ఊడి వస్తాయి. పచ్చదనం లేకపోతే పొడవు తగ్గించుకుని, చెయ్యి పొడిగా ఉంచుకుని, తగులుకోకుండా ఒక ప్లాస్టర్ చుట్టుకుని, మర్నాడే వేసినవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. లేచిన మేర ఫైల్‌తో తీసి మళ్ళీ నింపడం వాళ్ళకు కొద్దిసేపటి పని.