స్క్వాష్ మొదలుపెడతారా? ముందు బంతి చూసుకోండి

మలేషియాలో స్క్వాష్ అనగానే నికోల్ డేవిడ్ గుర్తొస్తారు. పెనాంగ్‌లో పుట్టిన ఆవిడ ఎనిమిదిసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. 2006 నుంచి 2015 వరకు వరుసగా ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నారు. ఇప్పుడు కెడా అమ్మాయి శివసంగరి సుబ్రమణ్యం పేరు వింటున్నాం. 2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో స్క్వాష్ మొదటిసారి కనిపించబోతోంది. ఇవన్నీ చూసి మీ ఇంట్లో పిల్లలు "మేమూ ఆడతాం" అంటే సంతోషమే. మీరూ వాళ్లతో వెళ్లండి.

అయితే కొత్తవాళ్లు కొందరు రెండు రోజులకే మానేస్తారు. "బంతి అసలు లేవడం లేదు" అంటారు. తప్పు వాళ్లది కాదు, బంతిది.

మన తాతలు ఈ దేశంలో రబ్బరు తోటల్లో చెట్లు గీశారు. స్క్వాష్ బంతి కూడా రబ్బరుదే. చల్లగా ఉంటే అది లేవదు. కొడుతూ ఉంటే వేడెక్కుతుంది, అప్పుడు ఎగురుతుంది. రెండు పసుపు చుక్కలున్న బంతి చాలా తక్కువ ఎగురుతుంది. పెద్ద ఆటగాళ్లు గట్టిగా కొడతారు కాబట్టి అది వాళ్లకు సరిపోతుంది. కొత్తవాళ్లు నీలం చుక్క బంతితో మొదలుపెట్టాలి. అది బాగా ఎగురుతుంది. ఆట కొంచెం వచ్చాక ఎర్ర చుక్క బంతికి మారండి.

ఇక ఆట. కోర్టు పొడవు 9.75 మీటర్లు, వెడల్పు 6.4 మీటర్లు. బంతి ముందు గోడకు తగలాలి. దారిలో పక్క గోడకు తగిలినా పర్వాలేదు. ముందు గోడ అడుగున ఒక రేకు ఉంటుంది. దానికి తగిలితే పాయింటు పోయినట్టే. బంతి నేల మీద రెండోసారి పడకముందే మీరు తిరిగి కొట్టాలి. ఎవరు ముందు 11 పాయింట్లు తెచ్చుకుంటే వాళ్లు ఆ గేమ్ గెలుస్తారు. 10-10 అయితే రెండు పాయింట్ల తేడా రావాలి.

కోర్టు మధ్యలో గీతలు కలిసే చోటును 'టీ' అంటారు. కొట్టిన ప్రతిసారీ అక్కడికి తిరిగి రండి. అక్కడి నుంచి నాలుగు మూలలూ దాదాపు సమాన దూరమే. మొదటి వారం ఒంటరిగా, పక్క గోడ వెంట నేరుగా కొట్టడం నేర్చుకోండి.

ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకండి: కళ్లు. బంతి చిన్నది. కంటి గుంతలోకి సరిగ్గా దూరగలదు. చూపే పోవచ్చు. మామూలు కళ్లజోడు పనికిరాదు, అది పగిలితే ఇంకా ప్రమాదం. పాలికార్బొనేట్ అద్దాలున్న ఆట కళ్లజోడు పెట్టుకోండి. పిల్లలకు తప్పకుండా పెట్టండి. ఎదుటివాళ్లు దగ్గరగా ఉంటే బంతి కొట్టకండి. ఆగి 'లెట్' అడగండి, ఆ పాయింటు మళ్లీ ఆడతారు.

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు, చాలా ఏళ్లుగా వ్యాయామం చేయనివాళ్లు ముందు డాక్టరును అడగండి. ఈ ఆటలో గుండె చాలా వేగంగా కొట్టుకుంటుంది. నేల మీద మరకలు పడని బూట్లు వేసుకోండి. రాకెట్ కొనడానికి తొందరపడకండి. ముందు అద్దెకు దొరుకుతుందేమో కోర్టులో అడగండి.

చివరిగా, పాయింట్లు తెలుగులో లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... పదకొండు. అంకెలు నోట నిలవడానికి ఇదో మంచి దారి.