పగడాల తొట్టె తెలిపే సముద్ర సత్యం

ఉప్పునీటి తొట్టెలో పగడపు జీవులను పెంచడం చేపలను పెంచడం వంటిది కాదు. పగడపు జీవి నీటినుండి కాల్షియంను, కార్బొనేట్‌ను గ్రహించి సున్నపురాతి అస్థిపంజరాన్ని నిర్మించుకుంటుంది. సముద్రం అపారం గనుక అక్కడ ఈ వ్యయం లెక్కకు రాదు. తొట్టెలో మాత్రం అనతికాలంలోనే లోటు కనిపిస్తుంది. ఆ లోటును పూడ్చబోయినప్పుడే నీటి రసాయన ధర్మాలలోని వింతలు బయటపడతాయి.

కిలోగ్రాము సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో కాల్షియం దాదాపు 0.4 గ్రాము; మెగ్నీషియం దానికి మూడింతలు. ఉష్ణమండల సముద్రాల ఉపరితల జలంలో కాల్షియం కార్బొనేట్ సాధారణంగా కరిగి ఉండగల పరిమితిని మించి ఉంటుంది. అయినా అది సున్నపు పొడిగా విడివడి అడుగున పేరుకోదు. ఏర్పడుతున్న స్ఫటికాలమీద మెగ్నీషియం చేరి వాటి పెరుగుదలను అడ్డుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. కనుక తొట్టె నీటిలో కాల్షియం నిలవాలంటే మెగ్నీషియం కూడా తగు పాళ్ళలో ఉండాలి.

లోటు తీర్చడానికి పెంపకందారులు వాడే వాటిలో మనకు చిరపరిచితమైన సున్నపు తేట ఒకటి. అది నీటిలోని బొగ్గుపులుసు వాయువుతో, అనగా కార్బన్ డై ఆక్సైడ్‌తో కలసి కాల్షియంను, బైకార్బొనేట్‌ను రెంటినీ సమకూరుస్తుంది. అయితే దానిని చుక్కలు చుక్కలుగా వదలాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే క్షారత్వం హెచ్చి, నీరు పాలవలె తెల్లబడి, అంతకుముందున్న కాల్షియం సైతం సున్నపు మడ్డిగా దిగిపోతుంది.

ఇంతకంటె పెద్ద వింత మరొకటి ఉన్నది. సున్నపురాతిలో కార్బన్ ఉన్నది గనుక బొగ్గుపులుసు వాయువు పెరిగితే పగడానికి మేలని తోచవచ్చు. జరిగేది ఇందుకు విపరీతం. ఆ వాయువు నీటితో కలసి ఆమ్లమై, పగడానికి కావలసిన కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చివేస్తుంది.

అమెరికాలోని అరిజోనా ఎడారిలో, బయోస్ఫియర్-2 అనే గాజు కట్టడంలో, 26 లక్షల లీటర్లకు పైబడిన ఉప్పునీటి తొట్టెలో దీనిని పరీక్షించారు. క్రిస్ లాంగ్డన్, ఆయన సహచరులు మూడు సంవత్సరాలకు మించి పరిశీలించి, 2000లో ఫలితాలను ప్రకటించారు. నీటిలో కాల్షియం, కార్బొనేట్ గాఢతల లబ్ధం ఎంత తగ్గితే సున్నపురాతి నిర్మాణం ఆ మేరకు తగ్గింది. కాలం గడిచినా అక్కడి జీవసముదాయం కొత్త స్థితికి అలవాటుపడిన జాడ కానరాలేదు.

ఈ ఫలితం మనకు దూరపు వార్త కాదు. లక్షద్వీప్, దాని పొరుగున ఉన్న మాల్దీవులు పగడాలు కట్టిన నేలలే. మన్నార్, కచ్ సింధుశాఖలలోను, అండమాన్ నికోబార్ తీరాలలోను ప్రవాళ భిత్తికలు ఉన్నాయి. అలల తాకిడిని అవి కాచుకుంటాయి. అలలు అరగదీసిన దానిని పగడాలే తిరిగి పూరిస్తాయి. మానవుడు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రం ఇముడ్చుకుంటున్నది. తొట్టెలో లోటుకు సున్నపు తేట చాలు. అరేబియా సముద్రానికి అది చాలదు. నడిదేశంలోని పొగగొట్టానికి, కవరత్తి తీరాన వలవేసే జాలరికి ఈ నీటి రసాయనమే సంబంధం. కనుక దీవుల రక్షణ దీవులవారి పని మాత్రమే కాజాలదు.